బాగున్నాననే మాట

ముందు క్రిస్టీని వాళ్ళ నాన్న చంకలోంచి దించాలి. పొద్దున్నించీ జాయిస్ బుర్రలో తిరుగుతున్న ఆలోచనలన్నీ నందిగామ చేరేసరికి ఆ ఒక్కదాని దగ్గరికొచ్చి ఆగాయి. కాలేజీ వరండా పొడవునా వేసిన బల్లల మీద మాజీ సైనికులు, వాళ్ళ భార్యలు, సంచులు, నీళ్ళసీసాలు. ఆ చివర తరగతి గదిలో మిలటరీ డాక్టర్లు. తలుపు దగ్గర పేర్లు పిలిచే యూనిఫాం మనిషి. ఆమె పక్కన మొగుడు నెహెమ్యా, ఇంకా కవాతు మైదానంలోనే ఉన్నట్టు వీపు ఆనించకుండా, కూతుర్ని కుడిచేత్తో గట్టిగా పొదివి పట్టుకుని కూర్చున్నాడు. ఎదురు బల్ల మీది ముసలావిడ వాళ్ళని చూసి నవ్వింది, నాన్నంటే ఎంత ప్రేమో పిల్లకి అని. ప్రేమే, కాదనేదెవరు. కాని ఆ చేతికి పని ఉన్నంతసేపూ అది వణకదు, అదీ అసలు సంగతి. గ్లాసు పట్టుకుంటే వణకదు, తాళాలు పట్టుకుంటే వణకదు, పిల్లని ఎత్తుకుంటే అసలే వణకదు. ఖాళీగా ఒళ్ళో పెట్టుకున్నాడా, బొటనవేలూ చూపుడువేలూ కూరలో ఉప్పు చల్లుతున్నట్టు మొదలుపెడతాయి, అది మణికట్టుకి పాకుతుంది, మోచేతికి పాకుతుంది, ఇక ఆగదు. ఇప్పుడు ఇలాగే, పిల్లని ఎత్తుకునే లోపలికి వెళ్తాడు. ఎలా ఉన్నావని వాళ్ళడుగుతారు. బాగున్నానంటాడు. చెయ్యి కూడా బాగున్నట్టే కనపడుతుంది. వాళ్ళు రాసుకుంటారు. అంతే, అక్కడితో అయిపోతుంది, పెన్షన్‌కి ఇది ఆఖరి అప్పీలు, దీని తర్వాత ఇంకే గుమ్మమూ లేదని మాజీ సైనికుల సంఘం వరప్రసాదరావు బాబాయ్ గారు మొహమాటం లేకుండా చెప్పేశాడు. పిల్లని దించాలి. ఎలా దించాలి?

ఆయా ఎవరో వరండా అవతలి కొసన ఫినాయిల్ చల్లుతోంది. ఆ ఘాటు ముక్కుకి తగలగానే జాయిస్ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది, వాసనలంటేనే పడదు ఆమెకిప్పుడు, సెంటు పడదు, పెట్రోలు పడదు, పక్కింటివాళ్ళు కిటికీలకి రంగు వేయించినప్పుడు పిల్లని తీసుకుని పుట్టింటికి పోయింది. ఒకప్పుడు ఇలా లేదు. పెళ్ళయ్యాక నెహెమ్యా మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు అతని చొక్కాలోంచి ఒక తియ్యటి వాసన వచ్చేది, బాగా మాగిన సీతాఫలం పక్కన పెట్టుకున్నట్టు, ఏ సబ్బు వాడతారండీ అని అడిగింది సిగ్గుపడుతూ. అతను పగలబడి నవ్వాడు. సబ్బు కాదే పిచ్చిదానా, మీఠా పానీ అన్నాడు. వర్క్‌షాపులో బండ్ల ఇంజన్లు విప్పి, జిడ్డు పోవడానికి పెద్ద ఇనప టబ్బులో ముంచి కడుగుతారట, ఆ టబ్బులో పోసే మందుకి జవాన్లు పెట్టుకున్న పేరు అది, తియ్యని నీళ్ళు. నీళ్ళేమిటి, ముంచితే చాలు ఏళ్ళనాటి గ్రీజు కూడా వెన్నలా దిగిపోతుంది అన్నాడు గొప్పగా, వాళ్ళ సొంత పొలంలో పండినట్టు. చేతులకి ఏం వేసుకుంటారు అంటే, చేతులకి చేతులే అన్నాడు. ఆమెకి ఆ వాసన నచ్చింది. తల్చుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది గాని నచ్చింది, అతను డ్యూటీకి వెళ్ళిపోయాక మర్చిపోయిన బనీను ఒకటి దొరికితే ఉతక్కుండా దిండు కింద పెట్టుకుంది. తర్వాత ఫ్యామిలీ క్వార్టర్ వచ్చింది, ఆ ఉత్తరాది చలిలో బకెట్టులో యూనిఫాం నానబెట్టి చేత్తో ఉతికేది, నీళ్ళ మీద ఆ తియ్యటి వాసన తేలేది, అప్పటికి క్రిస్టీ కడుపులో ఉంది. ఉతికినవి ఆమె చేతులేగా. ఆ వాసన పీల్చింది ఆమె ముక్కేగా. పిల్ల మధ్యాహ్నం నిద్రపోతుంటే పక్కన కూర్చుని దాని వేళ్ళు చూస్తుంది, కదిలాయా, కలొచ్చి కదిలాయా, ఊరికే కదిలాయా. డాక్టర్నడిగితే మీరు ఊరికే భయపడుతున్నారమ్మా అన్నాడు. ఊరికే భయపడటం ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు? ఆమె భయానికి వాసన ఉంది, రంగు ఉంది, బకెట్టు ఉంది.

"అమ్మా, బిస్కెట్టు" అంది క్రిస్టీ. ఇదే సందు అనుకుంది జాయిస్. సంచిలోంచి బిస్కెట్టు తీసి, దగ్గరికి రా ఇస్తా అని చేతులు చాపింది. పిల్ల తండ్రి మెడ వదలకుండానే నోరు తెరిచింది.

వరప్రసాదరావు అవతలి బల్ల మీంచి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. సుబేదారుగా రిటైరై కంచికచర్లలో మాజీ సైనికుల సంఘం గది నడుపుతున్నాడు, మీసం తెల్లబడినా గొంతు తెల్లబడలేదు, ఈ అప్పీలు సంగతి చూసిందీ, ఇవాళ ఇక్కడికి డాక్టర్లు వస్తున్నారని కబురు చేసిందీ ఆయనే. పోయినవారం ఆ గదిలో కూర్చోబెట్టి చెప్పాడు. "చూడమ్మాయ్, వాళ్ళకి మన ఏడుపులక్కర్లా, మన కష్టాలక్కర్లా. చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఖాళీగా బల్ల మీద పెట్టించు, మిగతాదంతా అదే చెప్పుద్ది. మీ ఆయన నోరు మాత్రం తెరవనీకు, వాడు నోరు తెరిస్తే కొంప ముంచుతాడు." నెహెమ్యా పక్కనే ఉన్నాడు, వినపడనట్టు గోడ మీద జెండా బొమ్మ చూస్తూ కూర్చున్నాడు. కిందటి మెడికల్ బోర్డు ఏం చెప్పిందో ఆ రోజే బాబాయ్ గారు మళ్ళీ చదివి వినిపించాడు, అక్కర్లేదు, ఆమెకి కంఠస్థం. ఈ జబ్బు సైనిక సేవ వల్ల వచ్చినది కాదు, సేవలో ఎక్కువైనదీ కాదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, మిరప కోతలకి వెళ్ళిన అమ్మ వెనక చెల్లెళ్ళని ఆడించుకుంటూ ఉండిపోయిన మనిషికి ఈ ఒక్క వాక్యం మాత్రం పాఠంలా పట్టుబడింది. అంట్లు తోముతూ చదువుతుంది, పిల్లకి జడ వేస్తూ చదువుతుంది. వచ్చింది కాదు, ఎక్కువైంది కాదు. మరి ఎక్కడ వచ్చింది? పెన్షన్ ఆఫీసులో ఒకాయన, పేరు కూడా తెలియదు, టీ తాగుతూ, మీది జగ్గయ్యపేట కదమ్మా, ఆ సిమెంటు దుమ్మే అయ్యుంటుంది, ఏ ఊరి గాలి ఆ ఊరిది అన్నాడు. ఆమె అప్పుడేం అనలేకపోయింది. బస్సెక్కి చిల్లకల్లు దాటాక నోటికి మాటలొచ్చాయి, అప్పుడెవరికి చెప్తుంది? జగ్గయ్యపేటలో ఎంతమంది లేరు సార్, దుమ్ము అందరి ఇళ్ళ మీదా పడుద్ది, మా చింతచెట్టు ఆకు మీదా పడుద్ది, మరి మా ఊరంతా వణుకుతోందా? పంతొమ్మిదేళ్ళకే మీకు అప్పజెప్పాంగా, ఏ చేతులతో అప్పజెప్పాం, ఏ చేతులతో తిరిగిచ్చారు? సైన్యంలో చేర్చుకునేటప్పుడు ఎండలో పరిగెత్తించి, పళ్ళు లెక్కబెట్టి, గోళ్ళు కూడా చూశారట. అప్పుడు లేని గాలి, వెనక్కి పంపేటప్పుడు ఎక్కణ్ణించి వచ్చింది మా ఊరికి?

విజయవాడలో నరాల డాక్టరు మాత్రం అలా అనలేదు. నెహెమ్యా స్కానింగు గదిలో ఉండగా ఆమెని పిలిచి, ఈ వయసులో ఈ వణుకుడు జబ్బు రావడం తక్కువమ్మా, ఏం పని చేసేవాడు అని అడిగాడు. ఆమె టబ్బు గురించి చెప్పింది, తియ్యటి వాసన గురించి చెప్పింది. ఆయన కలం పక్కన పెట్టి, మీ ఆయనకి వాసనలు తెలుస్తున్నాయా అన్నాడు. అప్పుడు గుర్తొచ్చాయి అన్నీ ఒకదాని వెనక ఒకటి, పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మినా పక్కగదిలో కదలకుండా కూర్చున్న రోజు, క్రిస్టీ బట్టలు పాడుచేసుకుంటే ఒళ్ళోనే పెట్టుకు ఆడిస్తూ ఉన్న రోజు, ఏం మనిషండీ మీరు అని తను విసుక్కున్న రోజు. చెయ్యి వణకడానికి ఎన్నాళ్ళో ముందే ముక్కు పోయింది. వాసన తెలీని మనిషి ఆ టబ్బు పక్కన ఎంతసేపు నిలబడ్డా ఏం తెలుస్తుంది? ఆ మందుతో ఈ జబ్బుకి సంబంధం ఉండొచ్చని ఆయన రాసిచ్చాడు. ఉండొచ్చు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంతదూరం వచ్చారు. ఒప్పుకుంటే వైకల్యం పెన్షన్ వస్తుంది, రేపు అతను మంచం దిగలేని రోజు వస్తే చూసుకునే మనిషికి కూడా వాళ్ళే ఇస్తారు. ఆ రోజు వస్తుందని ఆమెకి తెలుసు. రాదని ప్రార్థన మందిరంలో అందరికీ తెలుసు.

మందిరం గుర్తొస్తే జాయిస్‌కి కోపమూ వస్తుంది, కళ్ళలో నీళ్ళూ వస్తాయి, ఏది ముందొస్తుందో చెప్పలేదు. తప్పుడు మనుషులు కారు వాళ్ళు. పాస్టరు డేవిడ్‌రాజు అయ్యగారు క్రిస్టీ పుట్టినప్పుడు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఉపవాసం ఉన్నాడు. కాని అక్కడ ఒక అలవాటు ఉంది, ఒంట్లో ఏమున్నా నోటితో రోగాన్ని ఒప్పుకోకూడదు. ఎలా ఉన్నావంటే బాగున్నానే అనాలి, అలా అంటే అలాగే అవుతుందని. మోకాలు కుమ్మరికుండలా వాచిపోయి ఇద్దరు పట్టుకుని తెచ్చిన కృపావతి పెద్దమ్మ, ఎట్లున్నావ్ పెద్దమ్మా అంటే, "స్వస్థతే అమ్మాయ్, స్వస్థతే, కాస్త ఆ కుర్చీ ఇటు జరుపు, చచ్చేట్టున్నా" అంటుంది. అందరూ నవ్వుతారు, పెద్దమ్మే ముందు నవ్వుతుంది. నెహెమ్యా చెయ్యి మొదట వణికింది సర్వీసులో ఉండగానే, సెలవుకి వచ్చినప్పుడు అయ్యగారు చెయ్యి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే నిజంగానే ఆగింది, టబ్బుకి దూరంగా ఉన్నందుకో, ఇంట్లో కంటినిండా నిద్రపోయినందుకో, దేవుడే ఆపాడో, ఆగిన మాట మాత్రం నిజం, ఆమె కళ్ళారా చూసింది. ఆ ఆదివారం అతను లేచి మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాడు. నా చెయ్యి బాగైంది, ఇక ఎన్నడూ వణకదు, ఎవరడిగినా ఇదే చెప్తాను. ఆడవాళ్ళు ఏడ్చారు. దాన్ని ఫోన్లో తీసి యూట్యూబులో పెట్టారు, పైన అక్షరాలు మెరుస్తూ, ఆర్మీ జవానుకి స్వస్థత అని. మైకు పట్టుకున్న చెయ్యి కుడిచెయ్యి, పట్టుకునుంది కాబట్టి ఎలాగూ వణకదు. తిరిగి డ్యూటీకి వెళ్ళాడు, టబ్బు దగ్గరికే వెళ్ళాడు, వణుకు మళ్ళీ వచ్చింది, ఎవరికీ చెప్పలేదు. సర్వీసు ముగిసి ఇంటికి పంపించేటప్పుడు ఆఖరి పరీక్షలో డాక్టరు అడిగాడు, ఏమైనా బాధలున్నాయా అని. టోపీ చేత్తో పట్టుకుని, ఏమీ లేవు సార్, బాగున్నాను అన్నాడు నెహెమ్యా. ఎవరడిగినా ఇదే చెప్తానన్నాడుగా. అన్నమాట నిలబెట్టుకున్నాడు. వాళ్ళేమో దాన్ని అక్షరాలా రాసుకున్నారు, తర్వాత బోర్డు ఆ రాతనే చూపించింది.

వరస కొంచెం ముందుకి జరిగింది, అంటే లోపలికి ఎవరో వెళ్ళారు. అందరూ కూర్చునే పక్కకి జరిగారు. నెహెమ్యా పిల్లతో సహా జరిగాడు, ఎడంచేత్తో బల్ల అంచు పట్టుకుని, కుడిచేత్తో క్రిస్టీని మరింత దగ్గరికి లాక్కుని. పొద్దున జగ్గయ్యపేట బస్టాండులో కూడా ఇలాగే ఎత్తుకుని నిలబడితే వాళ్ళమ్మ లూర్దమ్మ చిన్న సీసాలో ప్రార్థన నూనె పట్టుకుని పరుగున వచ్చింది, మనిషి ఆయాసపడుతోంది, చెప్పులు కూడా వేసుకోలేదు, జనం చూస్తున్నా లెక్కచెయ్యకుండా కొడుకు వేళ్ళకి ఒక్కొక్కదానికీ నూనె రాసింది. రాసి, కోడలి చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకుపోయింది. "అమ్మాయ్, వాడి నోటెంట జబ్బనే మాట రానీకు. దేవుడిచ్చిందాన్ని మనమే కాదన్నట్టవుద్ది. మీ మామయ్య సంగతి నీకు తెలవదు, నాకు రోగమొచ్చిందే అన్న వారానికే పోయాడు." అత్తయ్య భయం కూడా తన భయంలాంటిదేనని జాయిస్‌కి తెలుసు, కాకపోతే ఆవిడ మాటకి భయపడుతుంది, తను మౌనానికి. "సరే అత్తయ్యా" అంది. బస్సు కదిలింది. సరే అన్నందుకు సిగ్గేసింది, కాసేపటికి ఆ సిగ్గూ పోయింది. సరే అంటే సరే అని కాదు, ఇక్కడ ఏడవద్దు అని.

దేనికి సరే? గోడౌను గేటు దగ్గర సెక్యూరిటీ పని దొరికితే, రిజిస్టరు పక్కన పెట్టి ఊరికే నిలబడ్డప్పుడు వణికే చెయ్యి చూసి, పొద్దున్నే తాగొస్తున్నాడని ఎవరో యజమానికి చెప్పారు. తాగని మనిషిని. చుట్ట కూడా ముట్టని మనిషిని. పని పోయింది. ఆ మాట ఊరంతా తిరిగి మందిరానికి కూడా వచ్చింది, ఒకావిడ గుసగుసగా, మిలటరీవాళ్ళకి అలవాటేగా అంది. అప్పుడు కూడా నెహెమ్యా, తాగలేదు, ఇది జబ్బు అనలేదు. తాగుబోతని అనిపించుకున్నాడు గాని, రోగినని ఒప్పుకోలేదు. ఏం మొండితనం ఇది, ఎవరి కోసం? అయ్యగారు మొన్న ఇంటికొచ్చి టీ తాగి, "తమ్ముడూ, ఆ వీడియో చూసి ఎంతమంది నిలబడ్డారో తెలుసా, నువ్వెళ్ళి బాగవలేదని చెప్తే వాళ్ళేం కావాలి?" అన్నాడు, బెదిరించడానికి కాదు, నిజంగానే బాధపడుతూ. నెహెమ్యా తల దించుకున్నాడు. జాయిస్ వంటింటి గుమ్మంలో నిలబడి, "వీడియోలో ఈయన మీ దగ్గరే ఉంటాడు అయ్యగారూ, ఇంట్లో ఈయన సంగతి చూడాల్సింది నేను" అంది.  అయ్యగారి ఎదుట ఎప్పుడూ నోరెత్తని మనిషి. ఆయన కప్పు కింద పెట్టి లేచాడు, వెళ్తూ వెళ్తూ పిల్ల తల మీద చెయ్యి పెట్టి మాత్రం వెళ్ళాడు.

"పాపనిటివ్వండి" అంది మెల్లగా.

"ఉండనీ."

"దానికి ఒంటేలొచ్చిందేమో."

"ఇందాకేగా తీసుకెళ్ళావ్."

"మీ చెయ్యి నొప్పెడుద్ది."

"నొప్పేం లేదు."

నొప్పి లేదట. ఈయనకి ఏదీ లేదు. "మీరు దాన్నెత్తుకుని లోపలికెళ్తే వాళ్ళకేం కనపడుద్దండీ?"

"ఏం కనపడాలి?" అన్నాడు నెహెమ్యా, ముందుకే చూస్తూ. తర్వాత గొంతు తగ్గించాడు. "అంతమంది ముందు చెప్పానే. దేవుడి ముందు చెప్పా. ఇవాళ డబ్బు కోసం మాట మార్చాడంటారు. నేనే అనుకుంటా. నాకు నేనే అనుకుంటా జాయిస్."

ఇన్నాళ్ళకి ఇది చెప్పాడు. ఆమెకి ఒళ్ళు మండింది. ఎవరు మాట మార్చారు ఇక్కడ? చేర్చుకునేటప్పుడు నీ మంచీచెడూ మాదేనన్నవాళ్ళు మార్చారు. ఆ టబ్బు దగ్గర చేతులకి తొడుగులు ఇవ్వాలని, మూతికి గుడ్డైనా ఇవ్వాలని తెలిసి ఇవ్వనివాళ్ళు, తెలియకపోతే తెలుసుకోనివాళ్ళు, వాళ్ళకి లేని సిగ్గు ఈయనకెందుకు? చర్మం పొట్టు లేస్తే యూనిట్లో పూతమందు ఇచ్చి పంపేశారు. ఒకవేళ ఈయన అబద్ధమే చెప్పాడనుకుందాం, బాగున్నాననడం అబద్ధమే అనుకుందాం, ఎవరి లాభానికి చెప్పాడు? తన నష్టానికే చెప్పుకున్నాడు. తన నష్టానికి చెప్పుకున్న మాటని పట్టుకుని శిక్ష వేస్తారా? కాదు, అబద్ధం కూడా కాదు అది. అది ఇంకేదో. అదేమిటో ఆమెకి అందినట్టే అంది జారిపోతోంది, చిన్నప్పుడు వేదాద్రి రేవులో చేపపిల్లని దోసిట్లో పట్టినట్టు, ఉంది, లేదు, ఉంది. బాగున్నాను. ఆ మాట ఎవరితో అంటాడు ఈయన? నాతో అనడు. నాతో ఎప్పుడూ అనలేదు, బొత్తాలు పెట్టమని మెడ చాపుతాడు, అన్నం కలిపిమ్మని కంచం జరుపుతాడు, నోటితో ఏమీ అనడు. ఆ మాట అనేది కళ్ళు కాస్త పైకెత్తి. అవతల మనిషికి కాదు.

తలుపు దగ్గర మనిషి పేరు పిలిచాడు. నెహెమ్యా లేచాడు, క్రిస్టీతో సహా. వరప్రసాదరావు అక్కడినించే, "ఖాళీ చేతులయ్యా, ఖాళీ చేతులు!" అని అరిచాడు, వరండాలో సగంమంది తలలు తిప్పారు. నెహెమ్యా ఆగలేదు.

"పేషెంటొక్కరే రావాలమ్మా" అన్నాడు యూనిఫాం మనిషి, ఆమెకి చెయ్యి అడ్డం పెట్టి.

"పాప వాళ్ళ నాన్నని వదలదండి. నేనొస్తేనే దిగుద్ది. లేకపోతే లోపల గోల చేసుద్ది, మీకే ఇబ్బంది." ఇది ఎక్కణ్ణించి వచ్చిందో ఆమెకే తెలియదు. అతను ఒక్క క్షణం ఆలోచించాడు, ఆ క్షణంలోనే ఆమె లోపల ఉంది.

నల్లబల్ల మీద ఎవరో సగం చెరిపిన లెక్కలు. బల్లకి అవతల పెద్ద డాక్టరు, ఆడమనిషి, నుదుటి దగ్గర నెరిసిన జుట్టు. పక్కన కుర్ర డాక్టరు కంప్యూటరు తెరుచుకుని. నెహెమ్యా కూర్చున్నాడు, పిల్లని ఒళ్ళో సర్దుకుని, కుడిచేత్తో దాని పొట్ట చుట్టూ పట్టుకుని. జాయిస్ గోడ దగ్గర నిలబడింది. 

"ఎలా ఉన్నారు నెహెమ్యా?" అంది డాక్టరమ్మ తెలుగులోనే, మర్యాదగానే.

"దేవుని దయ మేడం. బాగున్నాను." కళ్ళు కాస్త పైకెత్తి.

కుర్ర డాక్టరు వేళ్ళు కంప్యూటరు మీదికి వెళ్ళాయి. ఆ చప్పుడు, టకటకమని చిన్న చప్పుడు, అది వినగానే జాయిస్‌కి ఇందాకటి నించీ జారిపోతున్నది దోసిట్లో నిలిచింది.

"రాయకండి సార్."

వేళ్ళు ఆగాయి. అందరూ ఆమె వైపు చూశారు. అంత గొంతు తనకుందని ఆమెకి కూడా ఆ రోజే తెలిసింది.

"ఆ మాట రాయకండి. అది మీకు చెప్పింది కాదు."

"మరి ఎవరికి చెప్పాడమ్మా?" అన్నాడు కుర్ర డాక్టరు, కొంచెం నవ్వుతూ.

"దేవుడికండి. మాలో అంతే. మా మందిరంలో మోకాలు వాచి నడవలేనావిడ కూడా బాగున్నాననే అంటది. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా బాగున్నామనే అంటాం. అది ప్రార్థనండి. మందులిచ్చేవాళ్ళు రాసుకునే మాట కాదు. కిందటిసారి మీవాళ్ళు అదే రాసుకుని, ఈయన జబ్బు మిలటరీలో వచ్చింది కాదన్నారు. బాగవ్వాలని ప్రార్థన చేసుకున్నందుకు పెన్షన్ ఆపుతారా సార్? చర్చికెళ్ళే జవాన్లకి జబ్బులు రావా?"

"మీరు ముందు కూర్చోండమ్మా" అంది డాక్టరమ్మ.

"కూర్చోనండి. కూర్చుంటే నేను మాట్లాడలేను."

"జాయిస్!"

కవాతు గొంతు అది, ఇంట్లో ఏనాడూ వాడనిది. కిటికీ రెక్కలు అదిరినట్టయింది. క్రిస్టీ ఉలిక్కిపడి తండ్రి మొహంలోకి చూసింది, పెదవి వంకరపోయింది, బావురుమంటూ తల్లివైపు రెండు చేతులూ చాపింది. జాయిస్ అందుకుంది. పొద్దున్నించీ ఎన్ని ఎత్తులు వేసినా దిగని పిల్ల.

నెహెమ్యా కుడిచెయ్యి గాల్లో ఉండిపోయింది. ఒక్క క్షణం అది ఏం చెయ్యాలో దానికే తెలియనట్టు ఆగి, తర్వాత గబుక్కున తొడ కిందికి దూరింది.  జాయిస్ పిల్ల వీపు నిమురుతూ అతని మెడ వెనక ఉబ్బిన నరాన్ని చూస్తూ ఉంది. చెప్పాల్సింది చెప్పేసింది. ఇక ఆ చెయ్యి ఆమెది కాదు, దాన్ని ఆమె లాగి బయటపెట్టదు. లాగితే అది చెయ్యి కాదు, దొంగసొత్తు అవుతుంది.

డాక్టరమ్మ కూడా తొందరపెట్టలేదు. "ఆ చెయ్యి ఇలా బల్ల మీద పెట్టండి" అంది, కూర పెట్టమన్నంత మామూలుగా.

అతను వెనక్కి తిరిగి భార్యని చూశాడు. ఆ చూపులో కోపం ఉంది, దాని కింద ఇంకేదో ఉంది, జ్వరం తగ్గేటప్పుడు చెమట పట్టినట్టు. మెల్లగా చెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. మొదట బొటనవేలు. తర్వాత చూపుడువేలు. తర్వాత మణికట్టు. చెక్క మీద గోళ్ళు చప్పుడు చెయ్యడం మొదలుపెట్టాయి, కుర్ర డాక్టరు నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది.

"ఇది ఎప్పట్నించి?"

నెహెమ్యా నల్లబల్ల మీది లెక్కలకేసి చూశాడు.

"డిశ్చార్జి ముందు అడిగే ఉంటారుగా. ఎందుకు చెప్పలేదు?"

"ఎలా ఉన్నావని అడిగారు మేడం" అన్నాడు. "చెప్పా. అదే అడిగారు ప్రతిసారీ. ఏం పని చేసేవాడివని మాత్రం ఎవరూ అడగలా."

 డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. "నేను అడుగుతున్నా. ఏం పని చేసేవారు?"

  అతను రెండు చేతులూ బల్ల మీంచి పైకి లేపాడు. "టబ్బు మేడం" అన్నాడు. "ఇంత పొడుగుంటది." కొలత చూపిస్తూ చేతులు వెడల్పుగా చాపాడు, ఎడంచెయ్యి నిలకడగా ఒకచోట, కుడిచెయ్యి వణుకుతూ ఇంకోచోట, ఆ రెంటి మధ్యా ఆ ఇనప టబ్బు గదిలోకి వచ్చి నిలబడినట్టే ఉంది. దాచలేదు. దించలేదు. "దాంట్లో మోచేతుల దాకా..."

తలుపు తెరుచుకుంది. "మేడం, బయట లైను చాలా ఉంది" అన్నాడు యూనిఫాం మనిషి. "అమ్మా, ఇక రండి. తర్వాతవాళ్ళని పంపాలి."

జాయిస్ పిల్లని భుజానికెత్తుకుని వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఉండండి" అంది. "ఆయన ఇంకా చెప్తున్నారు."